ఊరిగాం ఛాయాచిత్రములు – వానిని దిద్దుకొను విద్య

ఊరిగాం అను పేరు వినినంతనే లోకమునకు స్ఫురించునది బంగారము. ఇచ్చట పుట్టి పెరిగిన మనకు స్ఫురించునవి వేరు. బూడిదవన్నె సైనైడు గుట్టలు, ఆకాశమున కెదురు నిలిచిన షాఫ్టు చక్రములు, షిఫ్టు మారు వేళ మ్రోగిన సైరను కూత, లైన్లలోని యిరుకు వాకిళ్ళు, ఆ వాకిలి దాటగనే ఎదురుగోడపై వరుసగా వ్రేలాడు ఫొటోలు – ఇవి మనకు ఊరిగాం.

మన పెద్దలకు శాసనములు లేవు. వారిని గూర్చి కావ్యములు వ్రాసినవారు లేరు. చిత్తూరు మున్నగు జిల్లాల నుండి గనులపనికై వచ్చి యిచ్చట నిలిచినవారును, కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురము ప్రాంతముల పల్లెలలో తరతరములుగా నెలకొనియున్న తెలుగు కుటుంబములవారును, ఇంట తెలుగును, వీథిలో తమిళమును, కచేరీలో కన్నడమును పలుకుచు బ్రదికిరి. వారి చరిత్ర వ్రాయదలచినవానికి మిగిలిన ఆధారములు ఆ గోడమీది ఫొటోలే. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన పిమ్మట మనవారిలో అనేకులు తెల్లవారకమునుపే రైలెక్కి బెంగుళూరునకు పోయి, చీకటిపడిన పిమ్మట తిరిగి వచ్చువారైరి. కొందరు కుటుంబములతోనే తరలిపోయిరి. ఇల్లు మారునప్పుడెల్ల పెట్టెలు తగ్గును. ఫొటోలు అటకపైకిని, అచ్చటి నుండి ట్రంకుపెట్టె యడుగునకును చేరును. చెదలు, తేమ, మరపు – ఈ మూడును కలసి తక్కిన పని పూర్తిచేయును.

ఈ మధ్య మన సంఘమునందలి యువకు డొకడు, ఉద్యోగ మేదియైనను సెలవు దినములందు కెమెరా చేతబట్టి తిరుగువాడు, నాయొద్దకు వచ్చి యిట్లడిగెను: “పెద్దనాయనా, మనోళ్ళ ఇండ్లల్లో ఉండే పాత ఫొటోలన్నీ స్కాన్ చేసి బాగు చేద్దామని ఉంది. ఏ సాఫ్టువేరు తీసుకోమంటారు? నెలనెలా దుడ్డు కట్టేంత శక్తి నాకు లేదు.”

ప్రశ్న చిన్నది. జవాబు చెప్పబోయి నేను నూటయెనుబది యేండ్లు వెనుకకు పోవలసివచ్చెను. ఏలయన ఫొటోను దిద్దుట కంప్యూటరుతో పుట్టిన పని కాదు, ఫొటోతోనే పుట్టినది. దానికి ధర యెంత, ఆ ధర యెవరు భరింపగలరు, దిద్దినప్పుడు మిగులున దేమి, పోవున దేమి అను ప్రశ్నలును దానితోనే పుట్టినవి.

1839లో ఫ్రాన్సు దేశమున డాగేరు తన ఛాయాచిత్ర విధానమును లోకమునకు వెల్లడించెను. వెండిపూత పూసిన రాగి రేకుపై బొమ్మ నిలుపుట ఆ విధానము. ఆ బొమ్మ చూచుట కద్భుతమే కాని, వ్రేలు తగిలినంత చెరగిపోవు సుకుమారము. మరుసటి సంవత్సరము, అనగా 1840లో, ఫిజో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బంగారపు లవణము కరగించిన ద్రావకమును ఆ రేకుపై పోసి కాచి, బొమ్మకు నిలుకడను, నిండుదనమును తెచ్చెను. తరువాతి కాలమున గ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై ఫొటోలు ముద్రించునప్పుడును బంగారపు ద్రావకమున ముంచుట వాడుక యయ్యెను. వెండితో నేర్పడిన బొమ్మ గాలికిని తేమకును వెలిసిపోవును. దానిపై అణుమాత్రము బంగారము పట్టినచో ఆ వెలియుట తగ్గును. కావున మన ముత్తాతలు భూమిలోనుండి త్రవ్వి తీసిన లోహమే లోకమునందలి ముఖములను చెరగకుండ కాపాడిన దనుట కవిత్వము కాదు, రసాయన శాస్త్రము.

ఇంకొక బంధుత్వము కూడ గలదు. 1851లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజుపలకలపై తడి కొలోడియను విధానమును ప్రకటించెను. పలకపై మిగిలిన వెండి లవణమును కడిగివేయుటకు కొందరు హైపోను, కొందరు పొటాసియం సైనైడును వాడిరి. 1887లో స్కాట్లండునందు మాకార్థరును, ఫారెస్టు సోదరులును, పిండి చేసిన రాతి నుండి బంగారమును సైనైడుతో కరగించి తీయు పద్ధతికి హక్కుపత్రము పొందిరి. ఆ పద్ధతి మన గనులకును వచ్చి, మన గుట్టల కా పేరు తెచ్చెను. ఒకే విషము ఒకచోట బొమ్మను తేటపరచెను, ఇంకొకచోట బంగారమును వెలికి తీసెను.

ఊరిగాం చరిత్రయు, ఛాయాచిత్ర చరిత్రయు ఇంచుమించుగా ఒక్క యీడువి. 1802లో లెఫ్టినెంటు జాన్ వారన్ ఈ ప్రాంతమున సర్వే చేయుచు, గ్రామస్థులు మట్టి కడిగి బంగారు రేణువులను తీయుట చూచి వ్రాసియుంచెను. 1875లో మైఖేలు ఫిట్జెరాల్డు లవెల్ మైసూరు ప్రభుత్వము నుండి త్రవ్వకపు హక్కు పొందెను. 1880 తరువాత జాన్ టెయిలర్ అండ్ సన్స్ వారి యాజమాన్యమున గనులు వృద్ధి పొందెను. 1894లో బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట, నుండి మారికుప్పము వరకు రైలుమార్గ మేర్పడెను. 1902లో శివసముద్రము నుండి కరెంటు వచ్చెను. ఈ సంవత్సరములందే ఛాయాచిత్రము సైతము దొరల బంగళాల నుండి సామాన్యుల యిండ్లకు మెల్లమెల్లగా నడచి వచ్చెను.

దిద్దుట యను విద్య మన ప్రాంతమునకు ఆనాటికంటె ముందే వచ్చెను. 1854లో బేలూరు, హళేబీడు దేవాలయములను ఫొటోలు తీసిన లీనియస్ ట్రైప్ అను సైనికాధికారి తరువాత మదరాసు ప్రభుత్వమునకు ఛాయాచిత్రకారు డయ్యెను. 1858లో ఆతడు ప్రకటించిన సంపుటములలో నొకటి మన కెంతో దూరము గాని రాయకోట దుర్గమును గూర్చినది. ఆనాటి కాగితపు నెగటివునకు నీలివన్నె యతిగా పట్టును. అందుచేత ఆకాశ మెప్పుడును తెల్లని గోడవలె వచ్చుచుండెను. ట్రైప్ ఊరకుండక, నెగటివుపై కుంచెతో రంగు పూసి, ఆకాశమున మబ్బులు కల్పించెను. ఆ మబ్బులు ఆ దినమున నిజముగా నుండెనో లేదో యెవ్వరెరుగుదురు? ఫొటో యబద్ధ మాడదని నమ్మువారికి ఈ కథ చెప్పవలెను. మొదటి తరము నాటికే ఫొటోకు కుంచె తోడయ్యెను.

తెలుగుదేశమున ఈ విద్య రాజపోషణ మొందిన విధము మనకు తెలిసినదే. 1844లో సర్ధనాలో జన్మించి, ఇంజనీరింగు చదివి, ఇండోరులో నౌకరీ చేసిన లాలా దీన్ దయాళ్ ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, రాజా ముసవ్విర్ జంగు అను బిరుదు పొందెను. ఆతడు 1905లో దివంగతు డయ్యెను. ఆతని గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నేడును భద్రముగా నున్నవి. ఇది మనము గమనింపదగిన విషయము: అచ్చువేసిన పటములు ఎన్ని చోట్ల నున్నను, మూలమైన నెగటివు భద్రముగా నుండుటచేతనే ఆ కాలమును మరల మరల చదువుకొనగలుగుచున్నాము.

అయితే అది రాజుల ముచ్చట. సామాన్యునకు ఫొటో అందుబాటు లోనికి వచ్చిన కథ వేరు. 1888లో ఈస్టుమను అమెరికాలో కొడాక్ కెమెరాను తెచ్చెను. 1900లో ఒక్క డాలరు వెలకే బ్రౌనీ అను పెట్టె కెమెరా నమ్మెను. స్వాతంత్ర్యానంతరము మన దేశములోనే తయారైన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాలు మధ్యతరగతి యిండ్లలోనికి వచ్చెను. ఉదకమండలమున 1960లో స్థాపితమైన హిందూస్థాన్ ఫొటో ఫిల్ముల సంస్థ ‘ఇందు’ పేరుతో ఫిల్ము తయారుచేసెను; ఆ కర్మాగారము సైతము కాలక్రమమున మూతపడినది. కెమెరా చౌకయైనను దిద్దుట మాత్రము స్టూడియోవారి చేతిలోనే యుండెను. నెగటివుపై సన్నని పెన్సిలు మొనతో ముఖమునందలి గుంటలు పూడ్చుట, అచ్చుపై తెల్లని చుక్కలను కుంచెతో మాన్పుట, పెండ్లికూతురి చీరకు చేతితో రంగు వేయుట – వీనిని మనవారు ‘టచింగు’ అనిరి. ఆ పనివాని చేయి మంచిదైన ముఖము బ్రదికెను. కానిచో పెండ్లికూతురు బొమ్మల కొలువులోని బొమ్మ యయ్యెను.

ఊరిగాం ఫొటోలను గూర్చి చెప్పునప్పుడు గనిలోపల తీయబడిన కొన్ని ఫొటోలను మరువరాదు. 1965లో ఛాంపియన్ రీఫ్సు గనిలో, భూమికి రెండు కిలోమీటర్లకు మించిన లోతున, బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థ, జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయము, ఇంగ్లండులోని డర్హాం విశ్వవిద్యాలయము కలసి పరికరములు నిలిపెను. మేనను, శ్రీకంఠను, నరసింహము, రమణమూర్తి, మియాకే, ఉల్ఫెండేలు మున్నగువారు ఆ కార్యమున పాల్గొనిరి. వాతావరణమున పుట్టిన న్యూట్రినో లను సూక్ష్మ కణములు రాతితో తాకి కల్పించిన జాడలను లోకమున మొట్టమొదట గుర్తించినవారిలో వీ రొకరు. అదే సంవత్సరమున దక్షిణాఫ్రికా బంగారు గనిలో రైన్సు బృందమును గుర్తించెను. అంతటి లోతునకు పోవుటకు కారణము సులభము. పైనుండు రాయి తక్కిన కణములలో దాదాపు అన్నిటిని అడ్డగించును; న్యూట్రినో సులభముగా దాటి వచ్చును. వారి పరికరములలో నియాను వాయువు నింపిన గొట్టములు వరుసగా నుండెను. కణము దాటినప్పుడు ఆ గొట్టములు తళుక్కున వెలుగును. కెమెరా ఆ వెలుగుగీతను ఫొటో తీయును.

మన తాతలు దిగిన లోతునందే, చీకటిలో కాచుకొనియున్న కెమెరా తీసిన ఆ ఫొటోలలో ఒక్క చుక్కను చెరపినను, ఒక్క చుక్కను చేర్చినను శాస్త్రము చెడును. ట్రైపు మబ్బులను కల్పించెను; ఈ శాస్త్రజ్ఞులు ఒక మెరుపునైనను కల్పింపరాదు. ఫొటో దిద్దుటయందు గల రెండు ధర్మములు ఇవియే. ఒకటి అందమునకు చెందినది, ఒకటి సాక్ష్యమునకు చెందినది. మన గోడమీది ఫొటో ఈ రెంటిలో దేనికి చెందునో తేల్చుకొనక సాఫ్టువేరు ధర యడిగి ప్రయోజనము లేదు.

ఇక కంప్యూటరు కథకు వత్తము. 1987లో మిచిగన్ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్న థామస్ నోల్, తన సోదరుడు జాన్ తోడ్పాటుతో, బొమ్మలను దిద్దు కార్యక్రమము నొకదానిని వ్రాయ నారంభించెను. దానిని అడోబి సంస్థ 1990లో ఫొటోషాప్ అను పేరుతో విడుదల చేసెను. స్టూడియోలోని పెన్సిలు, కుంచె, చీకటిగది మూడును ఒక్క తెరపైకి వచ్చెను. మన పట్టణములలో ఫ్లెక్సీ బోర్డు మొదలు పెండ్లి ఆల్బము వరకు ఆ పేరే పనికి పేరయ్యెను. కాని దాని వెల యధికము. 2012లో వెలువడిన సి.ఎస్. 6 ప్రతి ధర 699 డాలర్లు. నాటి మారకమున దాదాపు 38 వేల రూపాయలు. చిన్న స్టూడియోవాడు అంత సొమ్ము పెట్టలేక దొంగప్రతిని వాడెను. ఇది మనము దాచవలసిన సంగతి కాదు, దేశమంతట జరిగినదే. తప్పును తప్పనుచునే, ఆ తప్పునకు పేదరిక మెంత కారణమో కూడ చెప్పవలెను.

2007లో ఆ సంస్థకు అధిపతియైన శంతను నారాయణ్ మన హైదరాబాదున జన్మించినవాడు. ఆతని కాలముననే, 2013లో, అడోబి పెద్ద మార్పు చేసెను. అప్పటినుండి క్రొత్త ఫొటోషాపును ఒకమారు కొని ఉంచుకొను వీలు లేదు. నెలనెల చందా కట్టవలెను. కట్టినంతకాలము క్రొత్త హంగులన్నియు వచ్చును. మానినంతనే తలుపు మూతపడును. ఈ పద్ధతి చెడ్డదని నేననను. ఫొటోలు తీసి కుటుంబమును పోషించుకొనువాడు నెలకు కొంత చెల్లించి అంతకంతయు సంపాదించును. అట్టివానికి ఆ పనిముట్టును మించినది లేదు. కాని సెలవు దినమున తన తాత ఫొటోను దిద్దుకొనువాని సంగతి వేరు.

ఈ వేరును గ్రహించుటకు ఊరిగాం వారికి పుస్తకము లక్కరలేదు. మన యిల్లు కంపెనీది, కరెంటు కంపెనీది, నీరు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది. కంపెనీ యున్నంత కాలము ఏ లోటును లేదు. దేశమున పెక్కు పట్టణములు దీపములు చూడకమునుపే మన గనులలో విద్యుద్దీపములు వెలిగెను. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను జాతీయము చేసెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడెను. పేర్లు మారెను గాని మన యాధారపడుట మారలేదు. 2001లో తలుపులు మూసినప్పుడు, మూడు తరములుగా కాపురమున్న యిల్లు మనదను పత్రము మన చేతిలో లేదని తెలియవచ్చెను. పరుల తాళపుచెవితో తెరచుకొను గదిలో మన సామాను దాచరాదను నీతి మనకు అట్లు తెలిసినది. సాఫ్టువేరు విషయమున సైతము నే నడుగు మొదటి ప్రశ్న ఇదియే: ఈ తాళపుచెవి యెవరిది?

‘ఉచితము’ అను మాటయు ఈ ప్రశ్నకు చాలిన జవాబు కాదు. 2004లో గూగుల్ సంస్థ పికాసా అను చక్కని కార్యక్రమమును కొని ఉచితముగా పంచెను. ఎందరో తమ ఫొటోల నందు సర్దుకొనిరి. 2016లో గూగుల్ దానిని విరమించెను. నిక్ అను పరికరముల సంపుటిని అదే సంస్థ 2012లో కొని, 2016లో ఉచితము చేసి, 2017లో డి.ఎక్స్.ఓ. అను వేరు సంస్థ కమ్మివేసెను. మరుసటి సంవత్సరము అది తిరిగి వెలకు వచ్చెను. ఇంగ్లండులోని సెరిఫ్ సంస్థ 2015లో అఫినిటీ ఫొటో అను కార్యక్రమమును తెచ్చి, ఒక్కమారు కొన్నచో చాలునని చెప్పుటచే ఎందరికో ప్రీతిపాత్రమయ్యెను. 2024లో కాన్వా సంస్థ సెరిఫును కొనెను. 2025 అక్టోబరులో అఫినిటీని ఉచితము చేసిరి. కాన్వా ఖాతా తెరచినవారు దానిని వాడుకొనవచ్చును. పనితనమున అది ఉత్తమమైనదే. అయినను ఒకరు దయతో నిచ్చినదానిని వారే మరల తీసికొనవచ్చునని పై రెండు కథలు చెప్పుచున్నవి.

వేరొక జాతి ఉచితము కలదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అను ఇరువురు విద్యార్థులు 1995లో ప్రకటించి 1996 ఆరంభమున విడుదల చేసిన జింప్ అను కార్యక్రమ మట్టిది. దాని అంతరంగ లిపి సమస్తమును బహిరంగము. ఎవరైన చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. సృష్టించినవారు విడిచిపోయినను ఇతరులు నడుపవచ్చును; నిజముగా నట్లే జరిగినది. ముప్పదియేండ్ల పిమ్మట, 2025 మార్చిలో, దాని మూడవ మహాప్రతి వెలువడెను. ఊరిచెరువును ఒకరు త్రవ్వించిన నేమి, పూడిక ఊరివారందరును తీయుదురు. ఇది యట్టి చెరువు. 2009లో మొదలైన డార్క్‌టేబుల్ కూడ ఈ జాతిదే. నేటి కెమెరాలు నిలుపు ముడి ఫైళ్ళను, అనగా పూర్వపు నెగటివునకు సాటియైన రా ఫైళ్ళను, వికసింపజేయుట కది మిక్కిలి తగినది.

జింపునందు లోపములు లేవా యన్నచో కలవు. ఫొటోషాపు చేయి తిరిగినవానికి మొదట నెల దినములు చికాకు కలుగును. మీట లున్న చోట నుండవు. అయినను పాత ఫొటోను బాగుచేయుటకు కావలసినవి నాలుగే: వెలిసిన ఛాయలను లోతుపరచుట, గీతలను చుట్టుపక్కల భాగముతో పూడ్చుట, వంకరను సరిచేయుట, మూలమును ముట్టక పైపొరలో పనిచేయుట. ఈ నాలుగును జింపు చక్కగ చేయును. కంప్యూటరు లేక ఫోను మాత్రమే యున్నవారికి స్నాప్‌సీడు చాలును. కంప్యూటరున ఏదియు నెక్కించుకొనుట కనుమతి లేనిచోట, బ్రౌజరునందే తెరచుకొను ఫొటోపీ కలదు. దానిని ఇవాన్ కుట్స్కిర్ అను ఒక్కడు నిర్మించెను. ప్రకటనలు చూచుటయే దానికి చెల్లించు మూల్యము.

మన కొక ప్రత్యేకమైన పరీక్ష కూడ కలదు. ఫొటో క్రింద తెలుగున పేరు వ్రాయవలదా? లోకమున పెక్కు కార్యక్రమములు ఆంగ్లాక్షరముల నెరిగినంత మన యొత్తులను, గుణింతములను ఎరుగవు. ‘కృష్ణ’ అని వ్రాయబోయిన ముక్కలుముక్కలుగ విడిపోవుట మనలో పలువురు చూచినదే. పూర్వము మన స్టూడియోలవారు అను లిపి వంటి ప్రత్యేక ఫాంట్లతో ఈ చిక్కు దాటిరి. కాని అట్లు వ్రాసినది ఇంకొక కంప్యూటరున చదువరాకుండెను. నేడు యూనికోడు వచ్చినది. మండలి, సూరన్న, గిడుగు, గురజాడ మున్నగు పేర్లతో ఉచితమైన తెలుగు ఫాంట్లు లభించుచున్నవి. జింపు వీనిని సరిగా కూర్చును. ఏ కార్యక్రమము కొనబోయినను ముందుగా మీ యింటిపేరు అందు వ్రాసి చూడుడు. మన పేరు వ్రాయరాని పనిముట్టుపై వేలు పోయుట యెందులకు?

ఇప్పుడు మా యింటి సంగతి యొకటి విన్నవించెదను. మా తాతగారి ఫొటో యొకటి మా గోడపై నుండెను. కుర్చీలో కూర్చుండి, మోకాళ్ళపై చేతులుంచి, కెమెరాను శత్రువును చూచినట్లు చూచుచుండెడివారు. నొసటిపై ఎడమవైపున కనుబొమ నంటి పొడవైన మచ్చ. గనిలో రాయి రాలి తగిలిన గాయమది. ఆ దినమున పక్కనున్న ఇరువురు పైకి రాలేదని, తాతగారు ఆ మచ్చను తడవి చూచుకొనక నిద్రపోయెడివారు కారని మా మేనత్త చెప్పును. ఫొటో పసుపుబారి, తేమకు మరకలు పడినందున, నేను దానిని నగరమున నొక స్టూడియోవారి కిచ్చితిని. వారు రెండు దినములలో క్రొత్తగా అచ్చువేసి యిచ్చిరి. నునుపైన ముఖము, తళతళలాడు కన్నులు, మరక యొక్కటియు లేదు. మచ్చయు లేదు. కాగితపు మరకకును, మనిషి గాయమునకును ఆ యంత్రమునకు భేదము తెలియలేదు. కన్నులను సైతము అది తానే కల్పించెనట. తొంబదియేండ్ల మేనత్త దానిని వెలుతురున కెత్తి చాలసేపు చూచి, “ఈయన ఎవర్రా?” అని యడిగెను.

ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయెను.

స్టూడియోవారిని నేను నిందింపను. అందముగా చేయుమంటిని, చేసిరి. తప్పు నాది. సాక్ష్యమును తీసికొనిపోయి అందముగా చేయుమని యిచ్చితిని. ఇటీవలి సంవత్సరములలో వచ్చిన ఈ క్రొత్త విద్య, అనగా వేలకొలది ముఖములను చూచి నేర్చి, కనబడని భాగమును తానే యూహించి నింపు కృత్రిమ మేధ, మిక్కిలి చౌకగను, కొన్ని చోట్ల ఉచితముగను లభించుచున్నది. కాని అది బాగుచేయదు, క్రొత్తగా పుట్టించును. ట్రైపు మబ్బులను కల్పించిన నష్టము లేదు; మబ్బులకు మనుమలు లేరు. తాత నొసటిని కల్పించినచో మనుమనికి తాత లేకుండపోవును. మా అదృష్టము కొలది మూలము చెక్కు చెదరక తిరిగి వచ్చినది. నేనే దానిని స్కాను చేసి, నాలుగు వారములు జింపుతో కుస్తీపట్టి, కాగితపు మరకలను మాత్రము తీసితిని. పని ముతకగా నున్నది. మేనత్త చూచి యేమియు ననలేదు. కొంగుతో అద్దము తుడిచి గోడకు తగిలింపుమన్నది.

కావున ఆ యువకునకు నేను చెప్పిన మాటలనే ఇచ్చట సంగ్రహముగా మనవిచేయుచున్నాను. సాఫ్టువేరునకు పెట్టు సొమ్ము ముందుగా మంచి స్కానరునకు పెట్టవలెను, లేదా నలుగురు కలసి యొకటి కొనవలెను. కంటిచూపు పోయిన పిమ్మట కళ్ళజోడు పనికిరానట్లు, చెడిన స్కానును ఏ కార్యక్రమమును బాగుచేయలేదు. చిన్న ఫొటోను అంగుళమునకు 600 చుక్కలకు తగ్గకుండ స్కాను చేసి, కుదింపు లేని టిఫ్ ఫైలుగా భద్రపరచవలెను. ఆ ఫైలును ఎన్నడును దిద్దరాదు. అదియే మన గాజు నెగటివు. దిద్దుట దాని నకలుపైననే జరుగవలెను. నకళ్ళు రెండు వేరువేరు ఇండ్లలో నుండవలెను. పనిముట్టుగా జింపుతో నారంభింపవలెను. అది చాలదని చేయి యెరిగిన దినమున అఫినిటీని చూడవలెను. ఫొటోలే జీవనమైన దినమున చందా కట్టవలెను. దేనితో చేసినను, చివరి ప్రతిని ఎల్ల కార్యక్రమములు తెరువగల రూపమున నిలుపవలెను. ముఖమును మాత్రము యంత్రపు టూహకు విడువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన దానికి వెల లేదు. అట్టవెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. ఇంటిలోని వృద్ధుల నడిగి, ఎవరు ఎవరికేమగుదురో వ్రాసికొనవలెను. పేరులేని ఫొటోను ఏ సాఫ్టువేరును గుర్తుపట్టలేదు.

నూరేండ్లకు పైగా సాగిన త్రవ్వకమున ఈ గనులనుండి సుమారు 800 టన్నుల బంగారము వెలువడిన దందురు. అందులో మన యిండ్లకు చేరినది పుస్తెల కెత్తు మాత్రమే. తక్కిన దెచ్చటికో పోయెను. దాని లెక్క మనచేత లేదు. మనచేత నున్నవి ఈ కొన్ని ముఖములు. వీనిని పైకి తీయుట కంపెనీ అక్కరలేదు, చందా అక్కరలేదు. ఓపికగల చేయియు, మచ్చను మరకగా భ్రమింపని కన్నును చాలును. ఆ యువకుడు ఇప్పటికి పండ్రెండు ఇండ్ల ఫొటోలను స్కాను చేసినాడు. మీ వాకిట నిలిచి పిలిచినప్పుడు ట్రంకుపెట్టె తెరచి చూపింతురని ఆశించుచు విరమించుచున్నాను.